ట్రెడ్స్‌లో బిల్లు ఎక్కడ ఆగుతుందంటే

పెద్ద కంపెనీకి సరుకు వేసి, బిల్లు డబ్బు వచ్చేదాకా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కూలీలు ఇవ్వడం గాజువాక ఆటోనగర్‌లో ఎవరికీ కొత్త కాదు. 10 లక్షల బిల్లు మీద 60 రోజులకు ఆ వడ్డీ 40,000. అదే బిల్లును ట్రెడ్స్‌లో, అంటే చిన్న సంస్థల బిల్లులకు బ్యాంకులు వేలం పాడి ముందే డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదికలో, ఏడాదికి 9 శాతానికి డిస్కౌంట్ చేస్తే (వడ్డీ పోను ముందే డబ్బు తీసుకుంటే) సుమారు 14,800, పైన ప్లాట్‌ఫారం ఫీజు. ఈ 9 శాతం లెక్క కోసం వేసుకున్నదే. అసలు రేటు బ్యాంకుల వేలంలో తేలుతుంది, అదీ ముఖ్యంగా కొన్న కంపెనీ రేటింగును చూసి. చిన్న షాపుకు అసలు లాభం అక్కడే.

ట్రెడ్స్‌కు ఆర్‌బీఐ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ లాంటి ప్లాట్‌ఫారాలు నడుస్తున్నాయి. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పత్రం), పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా వివరాలతో చేరవచ్చు. మీ కొనుగోలుదారు ఎందులో ఉన్నారో కనుక్కుని అందులోనే చేరండి. గడువు నాటికి కంపెనీ కట్టకపోయినా బ్యాంకు మీ మీదకు రాదు.

250 కోట్లు దాటిన టర్నోవరు ఉన్న కంపెనీలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు 2025 మార్చి 31లోగా ట్రెడ్స్‌లో చేరాలని కేంద్రం చెప్పింది. చేరమంది, అంతే. ప్రతి బిల్లునూ ఒప్పుకోమనలేదు. కంపెనీ ‘యాక్సెప్ట్’ నొక్కేదాకా ఏ బ్యాంకూ వేలం పాడదు. బిల్లులు నిలిచిపోయేది ఎక్కువగా ఇక్కడే. సరుకు గేటు దాటినా ఇన్‌స్పెక్షన్ అయ్యి జీఆర్‌ఎన్ (సరుకు అందిందన్న రసీదు) పడందే ఫైనాన్స్ వాళ్లు కదలరు. కాబట్టి ముందు స్టోర్స్ వెంట పడాలి. ఇంకొకటి, బిల్లు మొత్తం విలువకు అప్‌లోడ్ చేస్తే వెనక్కి వస్తుంది. టీడీఎస్, ఆలస్యానికి కోత, పెర్ఫార్మెన్స్ హామీ కింద ఆపే 10 శాతం లాంటివి తీసేసి, చేతికి రావాల్సిన సొమ్మే చూపాలి. వడ్డీ ఎవరు భరించాలో పీఓ (కొనుగోలు ఆర్డరు) దశలోనే రాయించుకోండి, తరవాత అడిగితే ఎవరూ వినరు.

సీసీ ఖాతా (సరుకు, బాకీల హామీపై బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్) ఉన్నవాళ్లకు మరో చిక్కు ఉంది. బుక్ డెట్స్ (మీకు రావాల్సిన బాకీలు) మీద మీ బ్యాంకుకు ఛార్జ్ (తాకట్టు హక్కు) ఉంటే ముందే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. డిస్కౌంట్ చేసిన బిల్లును ఆ నెల స్టాక్ స్టేట్‌మెంట్ (బ్యాంకుకిచ్చే సరుకు, బాకీల లెక్క) బాకీల్లోంచి తప్పనిసరిగా కొట్టేయాలి. మర్చిపోతే ఒకే బిల్లు మీద రెండుచోట్ల అప్పు తీసుకున్నట్టు అవుతుంది. ఆడిట్‌లో బయటపడితే డ్రాయింగ్ పవర్ (ఖాతాలోంచి వాడుకోగల మొత్తం) కోస్తారు, లిమిట్ రెన్యువల్ కూడా కష్టమవుతుంది.

కంపెనీ అసలు ఒప్పుకోకపోతే ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. 2023-24 నుంచి సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువులో కట్టని సొమ్మును కంపెనీ కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలదు. మార్చి దగ్గర పడ్డప్పుడు అకౌంట్స్ వాళ్లకు ఈ మాట గుర్తుచేస్తే ఫైలు కదులుతుంది. ఉద్యమ్ నంబరు బిల్లు మీద అచ్చు వేయించండి, లేదంటే ‘మీరు ఎంఎస్ఎంఈ అని మాకు తెలీదు’ అంటారు. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఉద్యమ్ ఉన్నా ఈ 45 రోజుల రక్షణ వర్తించదు, వాళ్లకు ఉద్యమ్ పనికొచ్చేది ప్రాధాన్యరంగ రుణం వరకే.