కణజాలంలో మూలకాల కొలత: ఎక్స్‌రే పడకముందే దొర్లే తప్పులు

కణజాలంలో ఏ మూలకం ఎక్కడుందో చూపే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ మ్యాపు చూడగానే నమ్మబుద్ధేస్తుంది. ఇదిగో జింక్, అదిగో ఇనుము అని రంగుల్లో కనిపిస్తుంది మరి. ఆ జింక్ కణంలోదా, చేతి తొడుగులోదా అన్నది మాత్రం మ్యాపు చెప్పదు. అందుకే యంత్రం సంగతి కన్నా నమూనా తయారీ గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాం.

సూత్రం రెండు ముక్కల్లో: ఎక్స్‌రే తగిలి పరమాణువు లోపలి కక్ష్యలో ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది, పైనున్న ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దిగుతూ ఆ మూలకానికే సొంతమైన శక్తితో ఎక్స్‌రే వదులుతుంది. దాన్నే గీత అంటాం. ఇనుముకి 6.40 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు (ఇకపై కేఈవీ), రాగికి 8.05, జింక్‌కి 8.64. హైడ్రోజన్‌కి ఇలాంటి గీతే లేదు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ గీతలు ఎంత బలహీనమంటే మామూలు ఏర్పాటులో డిటెక్టర్ దాకా రావు. అంటే కణజాలం బరువులో తొంభై శాతం పైగా మనకు కనిపించనే కనిపించదు. మిగిలిన కాస్తలోనే కథంతా.

ఆ కాస్త కూడా తయారీలో కారిపోతుంది. కణజాలాన్ని నిలవ ఉంచే ఫార్మలిన్‌లో నానితే కణపొర కాపలా పోతుంది, పొటాషియం, క్లోరిన్ బయటికి వచ్చేస్తాయి. ఫాస్ఫేట్ బఫర్ వాడితే బయటి ఫాస్ఫరస్ లోపలికి చేరుతుంది. ఆ తర్వాత కణజాలాన్ని మైనంలో పొదగడానికి వాడే ఆల్కహాల్, జైలీన్, పారఫిన్ వరసగా ఇంకొంత కడిగేస్తాయి. ప్రోటీన్‌కి గట్టిగా అంటుకున్న ఇనుము చాలావరకు నిలుస్తుంది కాబట్టి పాత పారఫిన్ బ్లాకుల్లో దాన్ని చూడొచ్చు. పొటాషియం మ్యాపు గీయడం మాత్రం శుద్ధ దండగ.

అయాన్లు ఉన్నచోటే ఉండాలంటే గడ్డకట్టించడమే దారి. ముక్కను తిన్నగా ద్రవ నైట్రోజన్‌లో వేస్తే చుట్టూ ఆవిరి పొర ఏర్పడి చల్లబడటం నెమ్మదిస్తుంది, మంచు స్ఫటికాలు పెరిగి అయాన్లను పక్కకు నెట్టేస్తాయి. ద్రవ నైట్రోజన్‌తో చల్లార్చిన ఐసోపెంటేన్‌లో, అది సుమారు మైనస్ 150 డిగ్రీల దగ్గర ఉండగా, కొన్ని మిల్లీమీటర్లకు మించని ముక్కను ముంచాలి. క్రయోస్టాట్‌లో (గడ్డకట్టిన కణజాలాన్ని పలచగా కోసే యంత్రం) కోసేటప్పుడు అతికించే జెల్ ముక్క అడుగున మాత్రమే ఉండాలి. చుట్టూ పోస్తే అది బ్లేడుతో పాటు సెక్షన్ (కోసిన పలచని పొర) మీదికి పాకుతుంది. 10 నుంచి 20 మైక్రాన్ల సెక్షన్‌ను చల్లటి ఫిల్మ్ మీదే తీసుకుని, కరగనివ్వకుండా ఫ్రీజ్ డ్రయర్‌కి (గడ్డకట్టి ఉండగానే నీరు తీసేసే యంత్రం) పంపాలి. గది వేడి ఫిల్మ్ మీద అతికిస్తే క్షణంపాటు కరుగుతుంది. పొటాషియం చెల్లాచెదురవడానికి ఆ క్షణం చాలు.

బ్లేడు సంగతి. స్టెయిన్‌లెస్ స్టీల్ బ్లేడు ఇనుప రేణువులు వదులుతుంది, అయితే ఆనవాలు కూడా వదులుతుంది: ఇనుము మెరిసిన చుక్కలోనే క్రోమియం (5.41 కేఈవీ) కూడా మెరిస్తే అది కణజాలపు ఇనుము కాదు. టంగ్‌స్టన్ కార్బైడ్‌కి మారితే ఇంకో చిక్కు. టంగ్‌స్టన్ ఎల్-ఆల్ఫా గీత (లోపలి నుంచి రెండో కక్ష్యలో ఖాళీ నిండేటప్పుడు వచ్చేది) 8.40 దగ్గర, జింక్ పక్కనే కూర్చుంటుంది. రబ్బరు తొడుగుల తయారీలో జింక్ సమ్మేళనాలు వాడతారు. అనుమానముంటే తొడుగు ముక్కనే కిరణం కింద పెట్టి చూడండి.

రక్తాన్ని కడగకుండా మెదడులోనో కాలేయంలోనో ఇనుము కొలిస్తే సగం లెక్క రక్తనాళాలదే కావచ్చు: లీటరు రక్తంలో ఇనుము సుమారు 500 మిల్లీగ్రాములు. సెలైన్‌తో (ఉప్పునీరు) కడిగితే ఇనుము లెక్క తేరుకుంటుంది, క్లోరిన్ లెక్క పోతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

గాజు స్లైడు వద్దు. అందులో కాల్షియం, పొటాషియం, ఇనుము ఉంటాయి, పైగా మందం వల్ల చెదిరిన కిరణాలతో నేపథ్యం (ఏ మూలకం గీతా కాని సంకేతం) పెరిగిపోతుంది. 4 మైక్రాన్ల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ గానీ సిలికాన్ నైట్రైడ్ కిటికీ గానీ వాడాలి. సెక్షన్ పక్కనున్న ఖాళీ ఫిల్మ్‌ను కూడా అంతే సమయం స్కాన్ చేయాలి. ఈ పని ఎగ్గొట్టే వాళ్లే ఎక్కువ.

మందం ఎంత ముఖ్యమో చూడండి. నీటిలో ఫాస్ఫరస్ గీత (2.01 కేఈవీ) సుమారు 16 మైక్రాన్లు పోయేసరికి మూడో వంతుకు పైచిలుకు మాత్రమే మిగులుతుంది. జింక్ గీత అంతే తగ్గాలంటే 1.2 మిల్లీమీటర్లు పోవాలి. కాబట్టి తడి సెక్షన్ 30 మైక్రాన్లుంటే జింక్ లెక్క దాదాపు సరిగానే ఉంటుంది, ఫాస్ఫరస్ సగానికి పైగా మాయమవుతుంది. ఫాస్ఫరస్, సల్ఫర్ కావాలంటే పలచని, ఎండిన సెక్షన్లే. గాలిలో కొలిస్తే వీటికి మరింత నష్టం. దానికి తోడు ఆర్గాన్ గీత 2.96 దగ్గర లేస్తుంది. హీలియం నింపాలి, లేదా వాక్యూమ్ చేయాలి.

స్పెక్ట్రమ్‌లో (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎక్స్‌రేలు వచ్చాయో చూపే గ్రాఫు) సాఫ్ట్‌వేర్ పెట్టే పేర్లను ఉన్నవున్నట్టు ఒప్పుకోకూడదు. సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్ విభేదన సామర్థ్యం (దగ్గరి గీతలను విడదీసే శక్తి) 5.9 కేఈవీ దగ్గర 130 ఎలక్ట్రాన్‌వోల్టుల అటూ ఇటూ. అన్నిటికన్నా లోపలి కక్ష్యలో ఖాళీ నిండేటప్పుడు వచ్చేవి కె గీతలు: ప్రధానమైనది ఆల్ఫా, దాని పైన వచ్చే చిన్నది బీటా. పొటాషియం కె-బీటా (3.59) కాల్షియం కె-ఆల్ఫా (3.69) మీద వాలుతుంది. ఇనుము కె-బీటా (7.06) కోబాల్ట్ (6.93) వేషం వేస్తుంది. ఇనుము దండిగా ఉన్న ప్లీహంలో "కోబాల్ట్ దొరికింది" అంటే ముందు దీన్నే అనుమానించాలి. ఎముకలో ఇంకా తమాషా: కాల్షియం గీతలోంచి డిటెక్టర్‌లోని సిలికాన్ 1.74 కేఈవీ ఎత్తుకుపోగా మిగిలే ఎస్కేప్ శిఖరం 1.95 దగ్గర, అంటే ఫాస్ఫరస్ పక్కనే పడుతుంది. రెండు కాల్షియం ఫోటాన్లు ఒకేసారి పడితే 7.38 దగ్గర నికెల్‌లా (7.48) కనిపిస్తుంది. కిరణం తీవ్రత తగ్గించి చూడండి: నకిలీ నికెల్ కాల్షియం కన్నా వేగంగా తగ్గుతుంది. ల్యాబ్ యంత్రంలో ఎక్స్‌రే పుట్టించేది రోడియం ట్యూబ్ అయితే దాని ఎల్ గీత (2.70) క్లోరిన్‌ని (2.62) కప్పేస్తుంది.

ఆర్సెనిక్ 10.54, సీసం 10.55: ఇలాంటి డిటెక్టర్లు వీటిని విడదీయలేవు. సింక్రోట్రాన్‌లో (కోరిన శక్తితో ఎక్స్‌రేలిచ్చే భారీ యంత్రం) మాత్రం ఓ మంచి ఉపాయం ఉంది. ఒక కక్ష్య ఎలక్ట్రాన్‌ని ఎగరగొట్టడానికి కావలసిన కనీస శక్తిని అంచు అంటారు. ఆర్సెనిక్ కె అంచు 11.87, సీసం ఎల్3 అంచు 13.04. కిరణాన్ని 12.5 దగ్గర పెడితే ఆర్సెనిక్ ఒక్కటే పలుకుతుంది.

ఇక సంఖ్యలు. యంత్రం నుంచి వచ్చేది చదరపు సెంటీమీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని; దాన్ని గ్రాముకు ఇంతని మార్చాలంటే ఆ బిందువు దగ్గర కణజాలం ఎంత బరువుందో తెలియాలి. ఎండిన సెక్షన్ ఎక్కడా ఒకే మందం ఉండదు. కాంప్టన్ చెదరింపు (నమూనాను తాకి కాస్త శక్తి పోగొట్టుకుని చెదిరిన కిరణాలు) తీవ్రతతో భాగించడం మామూలుగా చేసే పని, కాకపోతే ముందు ఫిల్మ్ వాటా తీసేయాలి. పలచని ఫిల్మ్ ప్రమాణాలతో క్రమాంకనం చేశాక (తెలిసిన మోతాదులతో యంత్రాన్ని సరిచూశాక), అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వారి 1577 వరస గొడ్డు కాలేయం పొడిని తెలియని నమూనాలా కొలిచి చూడాలి. 1577సీలో రాగి కిలోకు సుమారు 275 మిల్లీగ్రాములు, ఇనుము 198, జింక్ 181. రాగి సరిపోయి ఇనుము మాత్రం ఎక్కువొస్తే తప్పు క్రమాంకనంలో ఉండకపోవచ్చు, పొడిని గుళికగా ఒత్తిన ఉక్కు అచ్చును చూడండి.

డెడ్ టైమ్ (డిటెక్టర్ ఒక ఫోటాన్‌ని లెక్కిస్తూ మిగతావాటిని వదిలేసే సమయం) 20 శాతం దాటనివ్వకండి. గుర్తింపు పరిమితి (పట్టుకోగలిగే కనీస మోతాదు) సగానికి తగ్గాలంటే సమయం నాలుగింతలు కావాలి, అందుకే పెద్ద మ్యాపును ముందు వేగంగా గీసి, అవసరమైన చోటే నిదానంగా తిరగాలి. ఫలితం పక్కన తడి బరువుకా, పొడి బరువుకా అన్నది తప్పక రాయాలి. చాలా కణజాలాల్లో ఈ రెంటికీ తేడా నాలుగైదు రెట్లు.