ఏటి వెంబడి పెళ్లి పిలుపులు

తమ్ముడి పెళ్లికి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువైంది కాబట్టి బొట్టు పెట్టి పిలిచే పని నా మీద పడింది. పొద్దున ఆరింటికే నాయనను పక్కన కూర్చోబెట్టుకుని తిరుపతి నుంచి కారు తీశాను. వెనక సీట్లో పత్రికల సంచి, కుంకుమ భరిణె, అక్షింతల డబ్బా. నాయన చేతిలో చుట్టాల లిస్టు. చంద్రగిరి, తొండవాడ, తిరుచానూరు, గుడిమల్లం, శ్రీకాళహస్తి. ఒక్కొక్క పేరే చదువుతుంటే అప్పుడు తట్టింది నాకు, మావాళ్లంతా స్వర్ణముఖి ఏటి పక్కనే ఉన్నారని. నాయనకు మాత్రం అది కొత్త సంగతేమీ కాదు. "నీళ్లుండే ఊరికే గదమ్మా ఆడపిల్లనిస్తారు" అన్నాడు.

చంద్రగిరిలో చిన్నత్త ఇంటి మిద్దె ఎక్కితే కోట కొండ ఎదురుగా కనిపిస్తుంది. 1565లో విజయనగరం పాడయ్యాక రాజులు ముందు పెనుగొండకు, ఆ తరువాత ఇక్కడికి వచ్చారు. రాజమహల్ కప్పుల్లో కొయ్య దూలం ఒక్కటీ లేదు, అంతా రాయీ ఇటుకా సున్నమే. చిన్నప్పుడు అత్త చెబితే నమ్మక, తల పైకెత్తి మెడ నొప్పి పుట్టేదాకా వెతికాను. ఈరోజు లోపలికి పోయే తీరిక లేదు. అత్త పెట్టిన ఇడ్లీలు తిని బయలుదేరాం.

తొండవాడ నాయన పుట్టిన ఊరు. భీమా, కల్యాణి వచ్చి స్వర్ణముఖిలో కలిసేది ఇక్కడే. అగస్త్యేశ్వరుడికి దండం పెట్టుకున్నాక నాయన చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి ఏట్లోకి దిగాడు. నీళ్లు అవతలి ఒడ్డున సన్నగా పారుతున్నాయి. ఇవతలంతా ఇసుక, ముళ్లకంప. వంగి రెండు చేతులతో చెలమ తీయడం మొదలుపెట్టాడు. ముక్కోటికి వచ్చిన జనమంతా ఇట్లా చెలమలు తీసుకునే తాగేవాళ్లట. మొదట ఊరిన బురద నీళ్లు దోసిలితో తోడి పారబోసి కాసేపు ఆగితే, తేరుకుని అద్దంలా అయ్యేవట.

"మా కాలంలో జానెడు తీస్తే చాలు, నీళ్లు ఊరేవి."

ఈరోజు మోచేతి లోతు తీసినా తడి ఇసుకే వచ్చింది. ఏళ్ల తరబడి ఇసుకను ట్రాక్టర్లకు ఎత్తుకుపోతే చెలమకు నీళ్లెక్కడివి? 2021 నవంబరులో ఇదే ఏరు వంతెనలు తెగేంత ఉధృతంగా పారిందంటే నమ్మబుద్ధి కాదు. నాయన ఆ గుంత పూడ్చకుండా కాసేపు చూస్తూ నిలబడ్డాడు. నాకు గొంతు పట్టేసింది. రమ్మని పిలవలేకపోయాను.

తిరుచానూరులో రెండిళ్లు, పది నిమిషాల్లో అయిపోయాయి. గుడిమల్లంలో మామ దర్శనం చేసుకోకుండా కదలనివ్వలేదు. గర్భగుడి పల్లంగా ఉంటుంది, దేవుణ్ణి చూడాలంటే చూపు కిందికి దించాలి. దాదాపు ఐదడుగుల లింగం, దాని ముందు భాగాన చెక్కిన శివుడు ఒకడి భుజాల మీద నిలబడి ఉంటాడు. క్రీస్తుకు ముందుదని చాలామంది పండితుల మాట. రాజధానులూ కోటలూ పుట్టకముందే ఈ ఏటి పక్కన ఇంత చేయి తిరిగిన శిల్పి ఉన్నాడన్నమాట.

శ్రీకాళహస్తి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. 2010 మేలో కృష్ణదేవరాయల నాటి గాలిగోపురం కూలిన రోజు పెద్దమ్మ ఇంట్లో పొయ్యి వెలిగించలేదట. ఇప్పుడున్నది కొత్త గోపురం. దాన్ని చూసినా పెద్దమ్మ పాతదాని గురించే మాట్లాడుతుంది. పక్కింటాయన కలంకారీ వేస్తారు. వెదురు కలానికి చుట్టిన దారపు ఉండను వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీత గీస్తున్నారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లే సిరా. కరక్కాయ, పాలలో నానిన గుడ్డ మీద పడగానే ఆ పలుచటి గీత నల్లబడింది. రంగులు తేలాలంటే గుడ్డను పారే నీళ్లలో ఉతకాలి. ఏట్లో నీళ్లు చాలనప్పుడు బోరు నీళ్లతో తొట్టిలో కానిచ్చేస్తున్నామని చెప్పారు. ఆ మాటకు నాయన తల వంచుకుని గోళ్లలో ఇరుక్కున్న ఇసుక తీసుకుంటూ కూర్చున్నాడు.

తిరుగు దారిలో వంతెన దగ్గర కారు ఆపమన్నాడు. సంచిలో ఒక పత్రిక మిగిలింది. దాన్ని తీసి నా చేతికిచ్చి, "ఏటమ్మకు కూడా చెప్పి రామ్మా" అన్నాడు. ఇద్దరం ఒడ్డుకు దిగాం. పత్రిక ఒక రాయి మీద పెట్టి, పసుపు కుంకుమ నీళ్లలో వదిలాను. కుంకుమ కాసేపు నా కాళ్ల దగ్గరే సుడి తిరిగి, సన్నటి పాయ వెంట ఉత్తరం వైపు సాగిపోయింది.