గెంట్‌లో బస, బ్రూజ్‌లో తిరుగుడు

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు యాత్రికులతో నిండిన ఊరు వింత కాదు. గోవిందరాజస్వామి గుడి వీధుల్లోకి కూరగాయల కోసం వెళ్ళినా భక్తుల గుంపులను తప్పించుకుంటూ నడవడం మాకు చిన్ననాటి అలవాటు. అందుకే మొన్న ఏప్రిల్ చివరిలో బెల్జియంలోని బ్రూజ్ పట్టణానికి వెళ్ళినప్పుడు, అక్కడి ప్రధాన కూడలిలో జెండా పట్టుకున్న గైడు వెనుక వరుసగా నడుస్తున్న జనాన్ని చూసి మా ఆవిడ, "ఇది మన ఊరి మాదిరే ఉండాదే" అంది. ఆ మాటలో ఎంత నిజముందో పక్క పట్టణమైన గెంట్‌ను కూడా చూశాకే నాకు అర్థమైంది.

మా అమ్మాయి బ్రస్సెల్స్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కడి నుంచి గెంట్‌కు రైలులో అరగంట, గెంట్ నుంచి బ్రూజ్‌కు మరో ఇరవై అయిదు నిమిషాలు. ఆ దేశంలో లోపల తిరిగే రైళ్ళకు రిజర్వేషన్ అనేదే లేదు. టికెట్ కొనుక్కుని వచ్చిన రైలు ఎక్కి, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. వెయిటింగ్ లిస్టు అక్షరాలు చూసి గుండె దడదడలాడే మనవాళ్ళకు ఈ ఒక్క సుఖం చాలు. ఒక చిన్న జాగ్రత్త మాత్రం అవసరం. బ్రూజ్ అన్నది ఫ్రెంచి పేరు. డచ్చి మాట్లాడే ఆ ప్రాంతంలో స్టేషన్ బోర్డుపై కనబడేది స్థానికులు "బ్రుహ" అని పలికే పేరే కాబట్టి, దిగవలసిన చోటును ముందుగానే గుర్తుపెట్టుకోవాలి.

బ్రూజ్ స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకు ఇరవై నిమిషాల నడక. బస్సులున్నాయి కానీ ఎక్కవద్దనే నా సలహా, ఎందుకంటే మిన్నెవాటర్ చెరువు పక్కగా, 1245లో స్థాపించిన బెగినాజ్ ఆవరణ మీదుగా నడిచే ఆ దారే ఊరిలో అతి ప్రశాంతమైన భాగం. సన్యాసం పుచ్చుకోకుండానే భక్తి జీవితం గడిపిన స్త్రీలు ఒకప్పుడు కలిసి నివసించిన ఆ తెల్లటి ఇళ్ళ మధ్య ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడాలి. దారి పొడవునా గుండ్రాళ్ళు పరిచి ఉంటాయి. వాటిని అక్కడివాళ్ళు ముద్దుగా "పిల్లల బుర్రలు" అంటారట. చక్రాల పెట్టెను వాటి మీద లాక్కుపోయే శిక్ష ఎవరికీ వద్దు. సామాను గెంట్‌లోనే వదిలి రావడం మేలు.

కూడలిలోని గంటల గోపురం ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366, లిఫ్టు లేదు. ఒకేసారి కొద్దిమందినే పైకి పంపుతారు కాబట్టి ముందుగా సమయం ఎంచుకుని టికెట్ తీసుకోవాలి. దర్శనం టోకెన్లకు అలవాటుపడిన మాకు ఆ పద్ధతి ఇట్టే బోధపడింది. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు ఎక్కే కాళ్ళకు ఇదొక లెక్కా అనుకున్నాను. లెక్కే అయింది. అలిపిరి మెట్లు వెడల్పుగా, నీడలో, గోవింద నామాల మధ్య సాగిపోతాయి. ఇవి స్తంభం చుట్టూ మెలికలు తిరుగుతూ, పైకి పోయేకొద్దీ ఇరుకై, ఎదురుగా దిగేవాళ్ళు వస్తే గోడకు అతుక్కుని నిలబడేలా చేస్తాయి. పైన 47 కంచు గంటల మేళం మోగుతుండగా ఎర్రటి పెంకుల కప్పులను చూసిన తర్వాత మోకాళ్ళ మీద కోపం కొంత తగ్గింది.

ఆ కప్పులు అలాగే మిగిలిపోవడానికి కారణం ఆ ఊరి పేదరికం. జ్విన్ అనే సముద్రపు పాయ పుణ్యమా అని బ్రూజ్ మధ్యయుగాల్లో ఐరోపాలోని గొప్ప వ్యాపార కేంద్రాలలో ఒకటిగా వెలిగింది. పదిహేనవ శతాబ్దంలో ఆ పాయ ఇసుక మేట వేసుకుపోవడం మొదలయ్యాక వర్తకం ఆంట్‌వెర్ప్‌కు తరలిపోయింది. పాతవాటిని పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఊరిలో లేనందువల్ల పాతవే నిలిచాయి. 2000లో యునెస్కో ఆ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాజులు పోయాక అలాగే నిలిచిపోయిన మన చంద్రగిరి కోటే నాకు గుర్తుకొచ్చింది. చంద్రగిరికి ఇన్ని చాక్లెట్ దుకాణాలు లేవు, అంతే.

కాలువల్లో అరగంట పడవ షికారు అందరూ చేసేదే, బాగానే ఉంటుంది. అవర్ లేడీ చర్చిలోని మైకెలాంజెలో చెక్కిన పాలరాతి తల్లీబిడ్డల విగ్రహాన్ని మాత్రం వదలకూడదు. 1794లో ఫ్రెంచివాళ్ళు, 1944లో జర్మన్లు ఎత్తుకుపోయినా రెండుసార్లూ తిరిగి ఇల్లు చేరిన విగ్రహమది.

గెంట్ తీరు వేరు. స్టేషన్ ఊరికి దూరం, కనుక ట్రామ్ ఎక్కాలి. మన బ్యాంకు కార్డును లోపలి యంత్రానికి తాకిస్తే చాలు. 2017 నుంచి ఊరి మధ్య భాగం గుండా కార్లు అడ్డంగా దాటిపోకుండా దారులు మార్చేశారు, అందువల్ల పాదచారి భయపడవలసింది సైకిళ్ళకే. 1180లో కట్టించిన గ్రావెన్‌స్టీన్ కోట ఆ తర్వాత జైలుగా, పంతొమ్మిదవ శతాబ్దంలో నూలు మిల్లుగా కూడా పనిచేసిందని తెలిసినప్పుడు ఆ ఊరి స్వభావం నాకు పట్టుబడింది. అక్కడ ఏ రాయీ ఊరికే కూర్చోలేదు. పన్ను కట్టబోమని తిరగబడినందుకు 1540లో అయిదవ చార్లెస్ చక్రవర్తి ఊరి పెద్దలను మెడలో ఉరితాళ్ళతో నడిపించాడు. ఆయన పుట్టిందీ ఆ ఊరిలోనే. "ఉరితాడు మోసేవాళ్ళం" అన్న పేరును గెంట్ జనం నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. సెయింట్ బావో చర్చిలో వాన్ ఐక్ సోదరుల 1432 నాటి బలిపీఠ చిత్రం ముందు గంటసేపు నిలబడవచ్చు. అందులో 1934లో దొంగలెత్తుకుపోయిన ఒక పలక ఇప్పటికీ దొరకలేదు, ఆ చోట నకలు పెట్టారు.

శాకాహారులకు ఒక మాట. అక్కడి బంగాళాదుంప వేపుళ్ళను సంప్రదాయంగా ఎద్దు కొవ్వులో వేయిస్తారు. పొట్లం చేతికి అందుకోబోతున్న మా ఆవిడను అమ్మాయి సరిగ్గా ఆ క్షణంలో ఆపింది. ఆ పూట మమ్మల్ని ఆదుకున్నవి తిరుపతి నుంచి తీసుకెళ్ళిన బొరుగులే. నూనె ఏదని అడిగి తినాలి. గెంట్‌లో ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే 2009 నుంచి గురువారాన్ని శాకాహార దినంగా ఆ నగరమే ప్రోత్సహిస్తోంది.

చివరి సాయంత్రం కోట ఎదుటి చిన్న కూడలిలో కూర్చున్నాం. అక్కడి వీధి దీపాలను ఊరి ప్రసూతి వార్డులతో కలిపారు. బిడ్డ పుట్టినప్పుడు అక్కడ మీట నొక్కితే ఇక్కడ వెలుగు మెల్లగా పెరిగి తగ్గుతుంది. తొమ్మిది దాటాక చీకటి పడింది, మేము చూస్తుండగానే ఒకసారి వెలుగు హెచ్చింది. కోటను ఫోటో తీస్తున్న యాత్రికులెవరూ గమనించలేదు. సైకిల్ మీద పోతున్న ఒక పెద్దాయన మాత్రం తలెత్తి చూసి, గంట ఒకసారి మోగించి వెళ్ళిపోయాడు.