తేజ అడిగితే 334 ఎందుకొచ్చింది?

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. ఏ రైతు సరుకు ఎంతుందో ఫోన్లోనే చూసుకునేలా జావాస్క్రిప్ట్‌తో ఒక పేజీ చేసిచ్చాను. లోపల ఉన్నది రైతుల అర్రే, అంటే వరసగా పేర్చిన జాబితా. ఒక్కో రైతు ఒక ఆబ్జెక్ట్, అంటే వివరాల మూట: పేరు, ఊరు, లాట్ల అర్రే. ఒక్కో లాట్ మళ్లీ ఒక ఆబ్జెక్ట్: మిర్చి రకం (తేజ, 334 లాంటివి), టిక్కీలు (బస్తాలు), ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) ఉందా లేదా.

"తేజ ఎవరి దగ్గరుందో చూపించరా" అన్నాడు బాబాయి. రైతుల మీద ఫిల్టర్ (షరతుకు సరిపోయినవాళ్లనే ఏరేది), దాని లోపల లాట్ల మీద సమ్ (some, ఒక్కటైనా ఉందా అని చూసేది). ఒక్క లైన్ పని.

పేజీ చూసి, "తేజ అడిగితే 334 కూడా వస్తోందేంట్రా?" అన్నాడు. ఒక రైతు దగ్గర రెండు రకాలూ ఉన్నాయి మరి. ఫిల్టర్ తేల్చేది రైతును ఉంచాలా వద్దా అన్నదే. ఉంచిన రైతు తన లాట్లన్నిటితో సహా వచ్చేస్తాడు. బాబాయికి కావాల్సింది తేజ లాట్లు, అడిగింది తేజ ఉన్న రైతుల్ని. ఆ మాట ఆయనతో అనలేదనుకోండి.

లాట్లను కూడా ఏరాలంటే ముందు మ్యాప్ (ఒక్కోదాన్నీ మార్చి కొత్త అర్రే ఇచ్చేది) వాడాలి. ప్రతి రైతుకూ స్ప్రెడ్‌తో (మూడు చుక్కలతో) పాత వివరాలు దింపుకుని కొత్త ఆబ్జెక్ట్ చేసి, లాట్ల చోట ఫిల్టర్ చేసిన అర్రే పెట్టాలి. ఆ తర్వాత లాట్లు ఖాళీ అయిన రైతుల్ని ఇంకో ఫిల్టర్‌తో తీసేయాలి. "కొత్త ఆబ్జెక్ట్ ఎందుకు, ఉన్నదాంట్లోనే మార్చెయ్" అన్నాడు ఒక ఫ్రెండ్. ఫిల్టర్ ఇచ్చేది కొత్త అర్రేనే గానీ, అందులోని ఆబ్జెక్ట్‌లు పాతవే. అక్కడ మారిస్తే అసలు డేటానే మారుతుంది. తేజ నొక్కాక 334 నొక్కితే ఆ రైతు సరుకు మాయం!

పేరు రాసుకుని సరుకు ఇంకా దింపని రైతులకు లాట్స్ అన్న ఫీల్డే లేదు. అక్కడ టైప్ఎర్రర్ వచ్చి పేజీ ఆగిపోయింది. లాట్స్ లేకపోతే ఖాళీ అర్రే అనుకోమని రెండు ప్రశ్న గుర్తులతో (??) రాశాను. 2020లో వచ్చిన ఈ సౌకర్యం నిజంగా హాయి.

దాంతో ఇంకో తమాషా. "సరుకంతా ఏసీలో ఉన్నవాళ్లెవరు?" అంటే ఎవ్రీ (every, అన్నీ అలాగే ఉన్నాయా అని చూసేది) వాడాను. టిక్కీ కూడా లేనివాళ్లంతా లిస్టులోకి వచ్చేశారు. ఖాళీ అర్రే మీద సమ్ ఫాల్స్ ఇస్తుంది, ఎవ్రీ మాత్రం ట్రూ ఇస్తుంది. లెంగ్త్ సున్నా కంటే ఎక్కువ ఉండాలన్న షరతు ముందు తగిలించాక లిస్టు సరిపోయింది.

ఇప్పుడు మొత్తం తేజ టిక్కీలెన్నో అడుగుతున్నాడు. దానికి ఫ్లాట్‌మ్యాప్‌తో లాట్లన్నీ ఒకే వరసలోకి తెచ్చి, తేజవి మాత్రం ఫిల్టర్‌తో ఏరి, రెడ్యూస్‌తో కూడితే చాలు.