పదకొండో రోజు

రోజూ పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో పరుగు. కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికొచ్చేసరికి రొప్పు, మోకాళ్లు పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి. అయినా చెమట ఆరకముందే టీ బడ్డీ దగ్గర సిగరెట్ వెలిగించేవాణ్ణి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు లాక్కుంటుందని తెలిసి కూడా, ఆరేళ్లు.

మానేసి ఇవాళ్టికి 11 రోజులు. మూడో రోజు నరకమే. చేతులు వణికాయి, అన్నం సయించలేదు, అమ్మ మీద ఊరికే అరిచాను. సాయంత్రం బీరువాలో దాచిన పెట్టె బయటికి తీశాను. వెలిగించలేదు. దాని మీద అచ్చేసిన, మానడానికి సాయం చేసే నంబరు 1800-11-2356కి ఫోన్ చేశాను. అవతలివాళ్లు తిట్టలేదు, ఓపిగ్గా విన్నారు. అదే నన్ను నిలబెట్టింది.

ఇవాళ సబ్‌మెరైన్ దగ్గర ఆగలేదు. బడ్డీ దగ్గర మాత్రం చెయ్యి జేబులోకి వెళ్లింది. యాలక్కాయ నోట్లో వేసుకుని వచ్చేశాను. అమ్మకి ఇంకా సారీ చెప్పలేదు. ఇప్పుడే వెళ్తున్నా వంటింట్లోకి.