వీఎంలో ప్రొఫైలర్ పెట్టడానికి ఎన్ని పర్మిషన్లో

ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చాక నా మీద పడ్డ మొదటి పెద్ద పని, మా జావా సర్వర్లు నడిచే లైనక్స్ వీఎంలన్నిట్లో (ఒకే పెద్ద మెషీన్ మీద నడిచే వర్చువల్ కంప్యూటర్లు) ప్రొఫైలింగ్, అంటే ప్రోగ్రామ్ టైమ్ ఎక్కడ ఖర్చవుతోందో కొలవడం, సెటప్ చేయడం. హైదరాబాద్‌లో అయితే ఒక టికెట్ పెట్టి రూట్ యాక్సెస్ తెచ్చుకుని సాయంత్రానికల్లా పెర్ఫ్ అనే లైనక్స్ ప్రొఫైలర్ ఇన్‌స్టాల్ చేసేసేవాళ్లం. ఇక్కడ మా లీడ్ అడిగిన మొదటి మాటే "బెట్రీబ్స్‌రాట్‌కి చెప్పావా?" అని, అంటే ఉద్యోగులు ఓటేసి ఎన్నుకునే కౌన్సిల్. సీపీయూ ఏం నడుపుతోందో తీసే శాంపిల్స్‌తో వాళ్లకేం పని అని చిరాకేసింది.

పని ఉంది. 1972 నాటి చట్టం ఒకటుంది ఇక్కడ, దాని 87వ సెక్షన్ ప్రకారం ఉద్యోగుల పనితీరునో ప్రవర్తననో కనిపెట్టగలిగే టెక్నికల్ సిస్టమ్ ఏది పెట్టాలన్నా కౌన్సిల్ ఒప్పుకోవాలి, మనం ఏ ఉద్దేశంతో పెట్టామన్నది కోర్టులు చూడవు, అలా వాడుకునే వీలుంటే చాలు. కౌన్సిల్ నుంచి వచ్చినావిడ కోడ్ రాసే మనిషి కాదు, అయినా టెస్ట్ రికార్డింగ్ తెరిచి చూపించమని, లైబ్రరీ పాత్‌ల మీద వేలు పెట్టి "ఇక్కడ ఈ పేరు ఎవరిది?" అన్నారు. ఎవరో తన హోమ్ డైరెక్టరీలోంచి పైథాన్ స్క్రిప్ట్ నడిపాడు, పెర్ఫ్ ఫైల్‌లో ప్రాసెస్ లోడ్ చేసిన ప్రోగ్రామ్, లైబ్రరీ ఫైళ్ల పాత్‌లు టైమ్‌తో సహా పడుతుంది కాబట్టి ఎవరు ఎప్పుడు ఏం నడిపారో తెలిసిపోతుంది. చివరికి సర్వీస్ అకౌంట్ల (మనుషులవి కాని, సర్వర్ ప్రోగ్రామ్‌లు వాడే అకౌంట్లు) ప్రాసెస్‌లు మాత్రమే రికార్డ్ చేయాలి, రెండు వారాలకి ఫైళ్లు చెరిపేయాలి, హెచ్ఆర్ చేతికి పోకూడదు అని కాగితం రాసుకున్నాం.

ఇదంతా చాదస్తం అనే ఫ్రెండ్స్ నాకు చాలామందే ఉన్నారు. ఇంతకుముందు ఒక ప్రాజెక్టులో మా ల్యాప్‌టాప్‌ల్లో స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్ ఉండేది, మమ్మల్ని ఒక్క మాట అడిగినవాడు లేడు. అడిగే చోటే నయం.

సరే, పర్మిషన్ వచ్చాక పెర్ఫ్ స్టాట్ అనే లెక్కల కమాండ్ కొడితే సైకిల్స్, క్యాష్ మిస్‌లు అన్నిటికీ "నాట్ సపోర్టెడ్". ప్రాసెసర్‌లో లెక్కలు వేసే పీఎంయూని హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్) గెస్ట్‌కి, అంటే మన వీఎంకి, చూపించడం లేదన్నమాట. సీపీయూ క్లాక్ అనే సాఫ్ట్‌వేర్ ఈవెంట్ మాత్రం టైమర్ మీద నడుస్తుంది, దాన్నే 99 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 99 శాంపిల్స్, పెట్టుకున్నాం, 100 పెడితే వేరే టైమర్లతో అడుగు కలిసిపోయి ఎప్పుడూ ఒకే చోట పట్టుబడుతుంది. జావా ఫంక్షన్ల పేర్లు హెక్స్ అంకెల్లా రాకుండా అసింక్ ప్రొఫైలర్ అనే జావా టూల్ వాడాం. పెర్ఫ్ ఎవరు ఎంత వాడొచ్చో తేల్చే పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ సెట్టింగ్ ఉబుంటూలో 4 ఉంటుంది, మామూలు యూజర్‌కి ఏదీ దొరకదు, దాన్ని తగ్గించకుండా ప్రొఫైలర్‌కే అవసరమైన కేపబిలిటీ (ఆ పనికి సరిపడా అనుమతి) ఇచ్చాం.

అసలు కథ రాత్రిళ్లు మొదలయ్యేది. బ్రెండన్ గ్రెగ్ 2011లో కనిపెట్టిన ఫ్లేమ్ గ్రాఫ్ (ఏ ఫంక్షన్‌కి ఎంత సీపీయూ పోతోందో చూపే బొమ్మ) గీసి చూస్తే పగలూ రాత్రీ ఒకేలా ఉంది, అప్లికేషన్ మాత్రం రాత్రి నత్తనడక. టాప్ కమాండ్‌లో సీపీయూ లైన్ చివరి అంకె, ఎస్‌టీ, అప్పుడే పైకి లేస్తోంది. అది స్టీల్ టైమ్, మన వీఎం రన్ అవ్వడానికి రెడీగా ఉన్నా హోస్ట్ (వీఎంలన్నీ నడిచే అసలు మెషీన్) వేరేవాళ్లకి సీపీయూ ఇచ్చిన టైమ్. అద్దింట్లో పై వాటా వాళ్లు మోటార్ వేస్తే మన ట్యాప్‌లో నీళ్లు సన్నబడ్డట్టు. ఆ టైమ్‌లో గెస్ట్ ఆగిపోయి ఉంటుంది కాబట్టి దాని శాంపిల్స్‌లో కనపడదు, లోపల కూర్చుని ఎంత గ్రాఫ్ గీసినా దొరకదు.

హోస్ట్‌లు చూసే టీమ్ హైదరాబాద్‌లో ఉంది, చలికాలంలో ఇక్కడికన్నా నాలుగున్నర గంటలు ముందు, నాకు మధ్యాహ్నం రెండయితే వాళ్లు ఇంటికెళ్లే బస్సు చూసుకుంటుంటారు. "అన్నా, కాస్త హోస్ట్‌లో పెర్ఫ్ కేవీఎం స్టాట్ పెట్టి చూడవా" అని (అది హోస్ట్ వైపు నుంచి వీఎంలని చూసే కమాండ్) తెలుగులో అడిగితే పని త్వరగా అయిందని చెప్పక తప్పదు. చూస్తే అదే హోస్ట్‌లో బ్యాకప్ వీఎంలు, రాత్రి అన్నీ ఒకేసారి లేస్తున్నాయి. వాటిని వేరే హోస్ట్‌కి మార్చారు, రాత్రి ఎస్‌టీ సున్నాకి దగ్గరయింది.

పీఎంయూ మాత్రం ఇంకా అన్ని వీఎంలకీ రాలేదు. వీఎంల సెట్టింగులు చూసే లిబ్‌వర్ట్‌లో హోస్ట్ పాస్‌త్రూ (హోస్ట్ సీపీయూని ఉన్నదున్నట్టు గెస్ట్‌కి చూపడం) పెట్టి ఆన్ చేస్తున్నారు, గెస్ట్ లోపల రీబూట్ కొడితే సరిపోదు, వీఎం పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. పైగా పాస్‌త్రూ పెడితే వేరే మోడల్ సీపీయూ ఉన్న హోస్ట్‌కి లైవ్ మైగ్రేషన్, అంటే వీఎం ఆపకుండానే మార్చడం, కష్టం, అందుకని ఒకే రకం మెషీన్లున్న క్లస్టర్‌లో టెస్ట్ వీఎంలకి మాత్రం ఇచ్చారు. ప్రొడక్షన్‌కి 99 హెర్ట్జ్ టైమరే నడుస్తోంది.