నా కాళ్లు, గరిటెడు అన్నం

నా కాళ్లను చూసి బోదకాలు అని తేల్చేసింది మా వాడకట్టే. పెద్దమనిషైనప్పటి నుంచే నడుము కింద లావెక్కడం మొదలైంది, రెండు కాన్పుల తర్వాత ఇంకా పెరిగింది. ఫైలేరియా పురుగు రక్తంలో ఎక్కువగా కనబడేది రాత్రిపూటే కాబట్టి, హనుమకొండలో ఒకసారి రాత్రి పది దాటాక రక్తపరీక్ష చేయించుకున్నాను. ఏమీ రాలేదు. తర్వాత చూపించుకున్న డాక్టర్ "బరువు తగ్గమ్మా, అవే తగ్గుతాయి" అన్నారు. నాలుగు నెలలు రాత్రి భోజనం మానేసి తొమ్మిది కిలోలు తగ్గాను. ముఖం పీక్కుపోయింది, జాకెట్లు వదులయ్యాయి. కాళ్లు మాత్రం అట్లనే ఉన్నాయి. ఆ రోజుల్లో ఎంత ఏడ్చానో.

చివరికి రక్తనాళాల డాక్టరమ్మ ఒకామె నా కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపింది. సులువుగా లేచింది, బోదకాలైతే సాధారణంగా అట్ల లేవదట. రెండు కాళ్లూ ఒకేలా లావు, చీలమండ దగ్గర కడియం తొడిగినట్టు ఆగిపోయింది, పాదాలు సన్నగానే ఉన్నాయి. ముట్టుకుంటే నొప్పి, ఊరికే కమిలిపోవడం. లిపిడీమా అంది, అంటే నడుము కింద, కాళ్లలో కొవ్వు నొప్పితో పేరుకుపోయే జబ్బు. 1940లోనే అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు ఆలెన్, హైన్స్ దీని గురించి రాశారట. నాకు తెలిసేసరికి 41 ఏళ్లు.

"తిండి మారిస్తే ఈ కొవ్వు కరుగుతుందని ఆశపెట్టుకోకు. నొప్పి తగ్గొచ్చు, దానికోసం మార్చు" అంది. పిండిపదార్థాలు బాగా తగ్గించినవాళ్లకు నొప్పి తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనల్లో తేలిందని కూడా చెప్పింది. కాళ్లకు బిగుతు మేజోళ్లు ఎలాగూ తప్పలేదు.

మూడు గరిటెల అన్నం తినేదాన్ని, ఇప్పుడు మధ్యాహ్నం ఒక్క గరిటె. పక్కన గంగవాయిలి కూర పప్పు, రెండు గుడ్లు. రాత్రికి బీరకాయో పుంటికూరో, ఆదివారం చేపలు. మొదట్లో అన్నం బదులు మూడు జొన్నరొట్టెలు తిని, నొప్పి ఎందుకు తగ్గట్లేదా అనుకునేదాన్ని. జొన్నలోనూ ఉన్నది పిండిపదార్థమేనని ఆలస్యంగా అర్థమైంది. చాయ్‌లో చక్కెర మానడానికి నెల పట్టింది. (షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అన్నం తగ్గించకండి, షుగర్ పడిపోతుంది.)

తూకం చూసుకోవడం మానేశాను. పొద్దున లేవగానే తొడ మీద బొటనవేలితో నొక్కి, నొప్పికి పదిలో ఎంతో క్యాలెండర్ గడిలో రాస్తాను. ముందు ఏడు ఉండేది, ఇప్పుడు మూడు, నాలుగు. సంక్రాంతికి మూడు రోజులు సకినాలు తిన్నాక మళ్లీ ఎనిమిది రాశాను. సకినాల పిండి వల్లనో, వాటిలోని ఉప్పు వల్లనో, రోజంతా పీటమీద కూర్చొని చుట్టడం వల్లనో చెప్పలేను.

"గింత తింటే ఎట్ల బిడ్డా, కండ్లు తిరుగుతయ్" అని అత్తమ్మ మొదట్లో రోజూ గొడవపడేది. మొన్న మా చిన్నోడు ఎప్పటిలా దూరంగా కూర్చోకుండా నా తొడ మీద తల పెట్టుకొని పడుకున్నాడు. నేను అరవలేదు. అత్తమ్మ అది చూసింది. మర్నాడు మార్కెట్ నుంచి నాలుగు కట్టల గంగవాయిలి తెచ్చి, నా పక్కనే కూర్చొని ఆకు తెంపింది.